క్రాప్ వేరు, రీసైజ్ వేరు: మీ ఫొటోలో ఏది పోతుందో చూసుకునే ఎడిట్ చేస్తున్నారా?

ట్యాంక్‌బండ్ మీద నిలబడి, హుస్సేన్‌సాగర్ మధ్యలో ఉన్న బుద్ధ విగ్రహాన్ని ఫోన్‌లో 1ఎక్స్ దగ్గర ఒక ఫొటో తీశారనుకోండి. 12 మెగాపిక్సెల్ ఫొటో. అంటే అడ్డంగా 4000, నిలువుగా 3000 పిక్సెల్స్. దీనికి రెండు కాపీలు పెట్టుకోండి. మొదటి కాపీలో విగ్రహం చుట్టూ సగం వెడల్పు, సగం ఎత్తు మాత్రమే ఉంచి మిగతాదంతా కత్తిరించేయండి. రెండో కాపీలో ఏమీ కత్తిరించకుండా, మొత్తం ఫొటోనే 50 శాతానికి తగ్గించండి. ఇప్పుడు రెండింటి డీటెయిల్స్ ఓపెన్ చేస్తే ఒకే నంబర్ కనిపిస్తుంది: 2000 × 1500. మూడు మెగాపిక్సెల్స్.

నంబర్ ఒకటే, ఫొటోలు మాత్రం వేరు. మొదటిదాంట్లో నీళ్లు, బోట్లు, అవతలి ఒడ్డున ఉన్న బిల్డింగులు చాలావరకు పోయాయి. కానీ విగ్రహం మీద కెమెరా పట్టిన ప్రతి పిక్సెల్ అలాగే ఉంది. రెండోదాంట్లో సీన్ మొత్తం ఉంది, కానీ ఎక్కడ చూసినా నాలుగు పిక్సెల్స్ ఉండాల్సిన చోట ఒక్కటే మిగిలింది. క్రాప్ చేస్తే సీన్ పోతుంది. తగ్గించి రీసైజ్ చేస్తే డీటెయిల్ పోతుంది. రెండు చోట్లా పోయింది 90 లక్షల పిక్సెల్సే. ఏ 90 లక్షలు అన్నదే తేడా.

ఇంత చిన్న విషయానికి ఆర్టికల్ ఎందుకంటారా? "కొత్త ఫోన్ కొన్నాను, ఫొటోలు బ్లర్‌గా వస్తున్నాయి" అని నన్ను అడిగేవాళ్ల ఫొటోలు తెప్పించుకుని చూస్తే, చాలాసార్లు తప్పు కెమెరాది కాదు. షటర్ నొక్కిన తర్వాత ఎక్కడో ఒకచోట ఆ ఫొటో చిన్నదైపోయి, ఇంకోచోట మళ్లీ పెద్దదై ఉంటుంది. మధ్యలో ఏం జరిగిందో ఎవరూ చూడరు. అందులో గ్యాలరీ యాప్‌ల పాత్ర కూడా ఉంది. ఎడిట్ నొక్కగానే క్రాప్ ఎదురుగా కనిపిస్తుంది. రీసైజ్ మాత్రం శాంసంగ్ గ్యాలరీలో మూడు చుక్కల మెనూలో దాక్కుని ఉంటుంది. ఐఫోన్ ఫొటోస్ యాప్ ఎడిటర్‌లో అసలు ఉండదు, షార్ట్‌కట్స్ యాప్‌లోకి వెళ్లి 'రీసైజ్ ఇమేజ్' యాక్షన్ పెట్టుకోవాలి. కనిపించని ఆప్షన్ గురించి జనానికి తెలియకపోవడంలో వింతేముంది?

అసలు పరీక్ష కంటే ముందు ఈ పరీక్ష

బ్యాంక్ జాబ్స్‌కి అప్లై చేసినవాళ్లకి ఇది బాగా తెలుసు. ఐబీపీఎస్ అప్లికేషన్‌లో ఫొటో 200 × 230 పిక్సెల్స్ ఉండాలి, సైజు 20 నుంచి 50 కేబీ మధ్య ఉండాలి. సంతకం 140 × 60 పిక్సెల్స్, 10 నుంచి 20 కేబీ. లాస్ట్ డేట్ రోజు రాత్రి, నెట్ సెంటర్‌లోనో హాస్టల్ రూమ్‌లోనో కూర్చుని చాలామంది కుస్తీ పట్టేది ఈ నాలుగు నంబర్లతోనే.

ఫోన్‌ని నిలువుగా పట్టుకుని తీసిన ఫొటో 3000 × 4000 ఉంటుంది. దాన్ని నేరుగా రీసైజ్ చేసి వెడల్పు 200 అని పెడితే, ఎత్తు 267 వస్తుంది, 230 రాదు. ఎందుకంటే రెండు ఫొటోల షేప్ వేరు. ఇక్కడే చాలామంది యాస్పెక్ట్ రేషియో లాక్ తీసేసి, ఎత్తు 230 అని బలవంతంగా టైప్ చేస్తారు. ఫొటో అప్‌లోడ్ అయిపోతుంది, మొహం మాత్రం ఎత్తులో 14 శాతం నొక్కుకుపోతుంది. అద్దంలో కనిపించే మనిషి వేరు, హాల్‌టికెట్ మీద మనిషి వేరు. ఎగ్జామ్ సెంటర్‌లో మీ మొహాన్నీ ఆ ఫొటోనీ పోల్చి చూస్తారన్న సంగతి మర్చిపోవద్దు.

సరైన పద్ధతి సింపుల్. ముందు క్రాప్, తర్వాత రీసైజ్. తల, భుజాలు వచ్చేలా ఒరిజినల్‌లో 1600 × 1840 భాగాన్ని క్రాప్ చేయండి. దాన్ని సరిగ్గా ఎనిమిదో వంతుకి తగ్గిస్తే 200 × 230 వస్తుంది. క్రాప్‌లో 800 పిక్సెల్స్ వెడల్పున్న మొహం ఫైనల్ ఫొటోలో 100 పిక్సెల్స్ అవుతుంది. అంత చాలు, మనిషి గుర్తుపట్టేలా ఉంటాడు.

ఇదే పనిని తిరగేసి చేసి చూడండి. ముందు ఫొటో మొత్తాన్ని 200 వెడల్పుకి తగ్గిస్తే అదే మొహం 53 పిక్సెల్స్‌కి పడిపోతుంది. అప్పుడు తల, భుజాలు క్రాప్ చేస్తే మీ చేతిలో మిగిలేది 107 పిక్సెల్స్ వెడల్పున్న ముక్క. దాన్ని మళ్లీ 200కి సాగదీయాలి. టూల్స్ అవే, ఫొటో అదే, వరస మారినందుకు మొహం మైనం ముద్దలా తయారవుతుంది.

ఇక కేబీ గొడవ. ఇది క్రాప్ కాదు, రీసైజ్ కూడా కాదు. మూడో సంగతి, కంప్రెషన్. 200 × 230 అంటే మొత్తం 46,000 పిక్సెల్స్. ఒక్కో పిక్సెల్‌కి మూడు బైట్ల లెక్కన, ఏ కంప్రెషన్ లేకుండా కూడా 138 కేబీ మాత్రమే. దాన్ని 50 కేబీలోకి తేవడం జేపెగ్‌కి చాలా తేలిక, క్వాలిటీ పెద్దగా తగ్గదు. అలా కాకుండా 12 మెగాపిక్సెల్ ఫొటోని పిక్సెల్స్ తగ్గించకుండా 'కంప్రెస్ టు 50 కేబీ' అనే యాప్‌లో పడేస్తే, 36 ఎంబీ సరుకుని 720వ వంతుకి నొక్కమని అడిగినట్టు. మొహం మీద చదరపు గళ్లు కనిపిస్తాయి. ముందు పిక్సెల్స్ సరిచేసుకోండి, కేబీ చాలావరకు దానంతట అదే దారికొస్తుంది. 20 కేబీ కంటే తక్కువ వస్తే సేవ్ చేసేటప్పుడు క్వాలిటీ కొంచెం పెంచండి, అంతే.

ఇంకో మాట. ఫొటో రీసైజర్ అని సెర్చ్ చేస్తే వచ్చే ముక్కూమొహం తెలియని వెబ్‌సైట్లలో మీ ఫొటో, దాంతోపాటే మీ సంతకం కూడా అప్‌లోడ్ చేయడం నాకు అస్సలు నచ్చని పని. ల్యాప్‌టాప్‌లో ఉండే పాత పెయింట్ యాప్ చాలు. ముందు క్రాప్, తర్వాత రీసైజ్‌లో పిక్సెల్స్ సెలెక్ట్ చేసి నంబర్ కొట్టండి. ఏ సర్వర్‌కీ వెళ్లాల్సిన పనిలేదు.

జూమ్ అంటే క్రాప్‌కి ఇంకో పేరు

స్పెక్ షీట్‌లో '100ఎక్స్ జూమ్' అని రాసి ఉంటే అందులో లెన్స్ చేసే పని కొంచెమే. మిగతాది సెన్సర్ మధ్యలో ముక్కని క్రాప్ చేసి, దాన్ని మళ్లీ స్క్రీన్ సైజుకి రీసైజ్ చేయడం. డిజిటల్ జూమ్ అంటే మొదట క్రాప్, ఆపైన సాగదీయడం. షటర్ నొక్కకముందే రెండూ జరిగిపోతాయి కాబట్టి మనకి వేరే పనిలా అనిపిస్తుంది.

అన్ని క్రాప్‌లనీ ఒకే గాటన కట్టలేం. 2022లో వచ్చిన ఐఫోన్ 14 ప్రోలో 48 మెగాపిక్సెల్ మెయిన్ సెన్సర్ ఉంది. 2ఎక్స్ నొక్కితే అది మధ్యలో ఉన్న 12 మెగాపిక్సెల్స్‌ని మాత్రమే వాడుతుంది. ఇక్కడ క్రాప్ ఉంది, సాగదీయడం లేదు. అందుకే ఆ 2ఎక్స్ బాగుంటుంది. అదే 12 మెగాపిక్సెల్ సెన్సర్ ఉన్న పాత ఫోన్‌లో 2ఎక్స్ పెడితే మిగిలేది మూడు మెగాపిక్సెల్సే, దాన్ని మళ్లీ పన్నెండుకి లాగాలి.

మరి 200 మెగాపిక్సెల్ సంగతేంటి? గెలాక్సీ ఎస్23 అల్ట్రాలో పూర్తి సైజు ఫొటో 16320 × 12240 పిక్సెల్స్. కానీ మామూలుగా ఫొటో తీస్తే వచ్చేది 12 మెగాపిక్సెల్. పక్కపక్కనున్న 16 పిక్సెల్స్‌ని కలిపి ఒకటిగా చేస్తుంది కాబట్టి. దీన్ని బిన్నింగ్ అంటారు. ఒకరకంగా ఇది సెన్సర్ దగ్గరే జరిగే రీసైజ్. డీటెయిల్‌ని వదులుకుని, బదులుగా వెలుతురు తెచ్చుకోవడం. రాత్రిపూట ఇది మంచి బేరం. పట్టపగలు దూరంగా ఉన్న బోర్డు మీద అక్షరాలు చదవాలంటే 200 మెగాపిక్సెల్ మోడ్ పెట్టి తర్వాత క్రాప్ చేసుకోవడం మంచి బేరం. అయితే ఈ సెన్సర్లలో పక్కపక్క పిక్సెల్స్ గుంపులుగా ఒకే రంగు ఫిల్టర్ కింద ఉంటాయి. కాబట్టి 200 అంటే 12కి పదహారు రెట్ల డీటెయిల్ వస్తుందని ఆశ పడొద్దు. మెరుగు కనిపిస్తుంది, పదహారు రెట్లు మాత్రం కనిపించదు.

నెట్‌లో ఒక వాదన తరచూ చూస్తుంటాను, క్రాప్ చేస్తే పర్‌స్పెక్టివ్ మారిపోతుందని. మారదు. ఒకే చోట నిలబడి జూమ్ లెన్స్‌తో తీసినా, వైడ్‌లో తీసి క్రాప్ చేసినా ముక్కు, చెవుల నిష్పత్తి ఒకటే. మారేది మీరు కాలు కదిపి దగ్గరికి వెళ్లినప్పుడు. పోర్ట్రెయిట్‌లో ముక్కు పెద్దగా వస్తుంటే రెండడుగులు వెనక్కి వేసి, తర్వాత క్రాప్ చేయండి.

పెద్దది చేయడం అంటే ఊహించడం

ఇప్పటిదాకా తగ్గించడం గురించే మాట్లాడాం. తగ్గించేటప్పుడు సాఫ్ట్‌వేర్ దగ్గర కావాల్సినదానికంటే ఎక్కువ సమాచారం ఉంటుంది, సగటు తీస్తే సరిపోతుంది. నాయిస్ కూడా తగ్గుతుంది. అందుకే చీకట్లో తీసిన ఫొటో ఫోన్ స్క్రీన్ మీద బాగుండి, టీవీలో చూస్తే చెత్తగా కనిపిస్తుంది. పెంచేటప్పుడు కథ వేరు. లేని పిక్సెల్‌ని ఎక్కడినుంచి తేవాలి? చుట్టుపక్కల రంగులు చూసి అంచనా వేయాలి. బైలీనియర్, బైక్యూబిక్, లాంక్‌జోస్ లాంటి పేర్లన్నీ ఆ అంచనా వేసే పద్ధతులే. ఏఐ అప్‌స్కేలర్ ఇంకో అడుగు ముందుకేసి, తాను ట్రైనింగ్‌లో చూసిన లక్షల ఫొటోల్లో ఇలాంటి చోట ఏముందో అది తెచ్చి పెడుతుంది.

2023 మార్చిలో రెడిట్‌లో ఒక యూజర్ చేసిన టెస్ట్ గుర్తుందా? నెట్‌లోంచి చంద్రుడి ఫొటో తీసుకుని 170 × 170 పిక్సెల్స్‌కి రీసైజ్ చేశాడు. దానికి బ్లర్ కూడా కలిపాడు. మానిటర్ మీద ఆ మసక ముద్దని పెట్టి, చీకటి గదిలో దూరంగా నిలబడి శాంసంగ్ ఫోన్‌తో జూమ్ చేసి తీశాడు. ఫోన్ ఇచ్చిన ఫొటోలో ఆ మసక బొమ్మలో లేని డీటెయిల్స్ వచ్చాయి. సీన్ చంద్రుడని గుర్తిస్తే ఏఐతో డీటెయిల్ పెంచుతామని శాంసంగ్ కూడా వివరణ ఇచ్చింది. నా వరకు ఆ టెస్ట్‌లో గొప్పతనం మొదటి స్టెప్‌లో ఉంది. రీసైజ్ చేసినప్పుడు పోయిన డీటెయిల్ తిరిగి రాదని తెలుసు కాబట్టే, ఏది వచ్చినా అది కల్పితమని తేల్చగలిగాడు.

చంద్రుడి విషయంలో కల్పించినా పెద్ద నష్టం లేదు. చంద్రుడు ఎప్పుడూ ఒకే ముఖం చూపిస్తాడు. మనుషుల విషయంలో అలా కాదు.

మన ఇళ్లలో ఎవరైనా పెద్దవాళ్లు పోయినప్పుడు, పెద్దకర్మ నాటికి దండ వేయడానికి ఒక పెద్ద ఫొటో కావాలి. వెతికితే ఆ తాతయ్యకి విడిగా తీసిన ఫొటో ఒక్కటీ ఉండదు. ఏదో పెళ్లిలో ఇరవైమంది వరసగా నిలబడిన గ్రూప్ ఫొటోలో ఓ మూల ఉంటాడు. 4000 పిక్సెల్స్ వెడల్పున్న ఒరిజినల్ దొరికిందనుకుందాం. ఇరవైమందికి పంచితే ఒక్కొక్కరికి 200 పిక్సెల్స్. తల, ఛాతీ వరకు క్రాప్ చేస్తే 200 × 300 వస్తుంది. 12 × 18 అంగుళాల ప్రింట్‌కి 300 డీపీఐ లెక్కన 3600 × 5400 పిక్సెల్స్ కావాలి. అడ్డంగా 18 రెట్లు, నిలువుగా 18 రెట్లు. కెమెరా చూసిన ఒక్కో పిక్సెల్‌కి బదులు ప్రింట్‌లో 324 పిక్సెల్స్ ఉంటాయి. అందులో 323 అంచనాలే.

అదే ఫొటో వాట్సాప్‌లో తిరిగి వచ్చిందైతే పరిస్థితి ఇంకా ఘోరం. మామూలు క్వాలిటీలో వచ్చిన ఫొటోల డీటెయిల్స్ చూస్తే చాలాసార్లు 1600 × 1200 దగ్గర ఉంటాయి. అప్పుడు తాతయ్య వాటా 80 పిక్సెల్స్. స్టూడియోవాళ్లు మొదట అడిగే మాట "అన్నా, వాట్సాప్‌ది కాకుండా ఒరిజినల్ ఉందా?" అనేది ఊరికే కాదు. ఇప్పుడు వాళ్ల దగ్గర కూడా ఏఐ టూల్స్ ఉన్నాయి. బటన్ నొక్కితే కళ్లు మెరుస్తూ, చర్మం నున్నగా, వెంట్రుక వెంట్రుకా కనిపించే ఫొటో వచ్చేస్తుంది. చూడటానికి బాగానే ఉంటుంది, కానీ అది తాతయ్యేనా? బుగ్గ మీద పుట్టుమచ్చ, కనుబొమ్మ దగ్గర పాత గాటు, ఒకవైపు కొంచెం వంగిన పెదవి 80 పిక్సెల్స్‌లో లేవు. లేనివాటిని టూల్ తనకి తెలిసిన మొహాలనుంచి నింపుతుంది. ఇంట్లో ముసలమ్మ చూసి "ఈయన మీ తాత కాదురా" అంటే ఆమె చూపు తప్పని కొట్టిపారేయకండి.

నా సలహా: అంత చిన్న క్రాప్ ఉంటే 12 × 18 అడక్కండి. 4 × 6 ప్రింట్ తీసి, చుట్టూ తెల్లటి బోర్డర్ ఉన్న పెద్ద ఫ్రేమ్‌లో పెట్టించండి. అప్పుడు సాగదీత 18 నుంచి ఆరు రెట్లకి తగ్గుతుంది. ఇంకా మంచి పని ఏంటంటే, ఈసారి ఊరెళ్లినప్పుడు నానమ్మనీ, పెదనాన్ననీ వరండాలో వెలుతురు చూసి కూర్చోబెట్టి, ఒక్కొక్కరికీ విడిగా ఒక ఫొటో తీయండి. ఆ ఒరిజినల్‌ని వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపుకోండి, రీసైజ్ అవ్వదు.

ప్రింట్ అంటే గుర్తొచ్చింది. ఫోన్ ఫొటో షేప్ 4:3, స్టూడియోలో 4 × 6 పేపర్ షేప్ 3:2. ఏమీ చెప్పకుండా ఇస్తే మెషీన్ 4000 × 3000 ఫొటోలో ఎత్తు నుంచి 333 పిక్సెల్స్ తనే క్రాప్ చేసేస్తుంది. వెనక వరసలో నిలబడిన పొడుగు బావ తలో, ముందు కూర్చున్న పిల్లల కాళ్లో పోతాయి. గ్రూప్ ఫొటో తీసేటప్పుడే పైనా కిందా కొంచెం ఖాళీ వదలండి. ఫ్లెక్సీలకి మాత్రం ఇంత లెక్క అక్కర్లేదు. పదడుగుల ఫ్లెక్సీ మీద 4000 పిక్సెల్స్ అంటే అంగుళానికి 33, అయినా రోడ్డు అవతలనుంచి చూస్తే చక్కగా ఉంటుంది. అందులో కింద వరసలో గుండ్రటి బొమ్మల్లో మసకబారి కనిపించే తమ్ముళ్లంతా వాట్సాప్ డీపీ స్క్రీన్‌షాట్ బాధితులు.

కత్తిరించింది నిజంగా పోయిందా?

రీసైజ్‌లో పోయింది ఎలాగూ తిరిగి రాదని చూశాం. క్రాప్‌లో పోయింది మాత్రం కొన్నిసార్లు తిరిగొస్తుంది, మనకి ఇష్టం లేకపోయినా సరే.

2023లో బయటపడిన 'ఏక్రోపాలిప్స్' అనే బగ్ దీనికి పెద్ద ఉదాహరణ. గూగుల్ పిక్సెల్ ఫోన్లలో స్క్రీన్‌షాట్ ఎడిట్ చేసే మార్కప్ టూల్, క్రాప్ చేసిన కొత్త ఫొటోని పాత ఫైల్ మీదే రాసేది. కొత్తది చిన్నది కదా, ఫైల్ ముందు భాగంలోనే సరిపోయేది. వెనక మిగిలిన పాత డేటాని కత్తిరించకుండా అలాగే వదిలేసేది. గ్యాలరీలో చూస్తే క్రాప్ అయిన ఫొటోనే కనిపిస్తుంది, కానీ ఫైల్ తోకలో పాత స్క్రీన్‌షాట్‌లో కొంత భాగం అలాగే ఉంటుంది. దాన్ని బయటికి తీయొచ్చని ఇద్దరు రీసెర్చర్లు చూపించారు. కొద్దిరోజులకే విండోస్ 11 స్నిప్పింగ్ టూల్‌లోనూ ఇలాంటి సమస్యే ఉందని తేలింది. రెండింటికీ ఆ మార్చిలోనే అప్‌డేట్స్ వచ్చాయి. అయితే అప్‌డేట్ వచ్చిందని, అంతకుముందే పంపేసిన ఫైల్స్ మారిపోవు కదా. కార్డు నంబర్ కనిపించకుండా క్రాప్ చేసి పంపాననుకున్నవాళ్ల పరిస్థితి ఆలోచించండి. పంపేటప్పుడు ఫొటోని మళ్లీ కంప్రెస్ చేసే యాప్స్‌లో వెళ్లినవి మాత్రం బతికిపోయాయి. వాట్సాప్‌ని తిట్టే మనం ఈ ఒక్క విషయంలో ఆ కంప్రెషన్ మంచిదే అనుకోవాలి.

బగ్ లేకపోయినా, క్రాప్‌ని వెనక్కి తెచ్చే దారులు కావాలనే పెట్టినవి ఉన్నాయి. ఐఫోన్‌లో క్రాప్ చేసిన ఫొటోకి రివర్ట్ నొక్కితే ఒరిజినల్ వచ్చేస్తుంది. మనకి సౌకర్యమే. కానీ ఎయిర్‌డ్రాప్ చేసేటప్పుడు ఆప్షన్స్‌లో 'ఆల్ ఫొటోస్ డేటా' ఆన్‌లో ఉంటే ఆ ఎడిట్ హిస్టరీ కూడా అవతలివాళ్లకి వెళ్తుంది, వాళ్లూ రివర్ట్ నొక్కొచ్చు. వర్డ్, పవర్‌పాయింట్‌లో అయితే ఇది మరీ ఎక్కువ. ఆధార్ కార్డు మొత్తం పెట్టి, ఫొటో ఉన్న ముక్క వరకు క్రాప్ చేసి ఆ ఫైల్ ఎవరికైనా పంపితే, వాళ్లు బొమ్మ మీద క్లిక్ చేసి క్రాప్ అంచుల్ని లాగితే కార్డంతా బయటికొస్తుంది. అలా జరగకూడదంటే బొమ్మని సెలెక్ట్ చేసి, కంప్రెస్ పిక్చర్స్‌లోకి వెళ్లి, 'డిలీట్ క్రాప్డ్ ఏరియాస్ ఆఫ్ పిక్చర్స్' టిక్ చేసి, ఆ తర్వాతే సేవ్ చేయాలి. లేదంటే క్రాప్ చేసిన ముక్క స్క్రీన్ మీద కనిపిస్తున్నప్పుడు స్క్రీన్‌షాట్ తీసి, ఫైల్ బదులు ఆ స్క్రీన్‌షాట్‌నే పంపండి.